చిమ్నీ కంటే ఎత్తైన వేళ్లు

రెండేళ్ల క్రితం డిసెంబరులో నిజామాబాద్‌లో కళోత్సవం జరిగింది. జిల్లాలోని కొన్ని బడులకు నిర్వాహకులు ఇరవై అడుగుల తెల్లగుడ్డ ఒక్కోటి పంపారు. షరతు ఒక్కటే. పిల్లలు తమ వీధిలోని పెద్దవాళ్లను కలిసి, వాళ్లు చేసిన పనేమిటో అడిగి, అదే బొమ్మగా వేయాలి. నేను బోధన్‌లో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని. అప్పటికి పద్దెనిమిదేళ్ల సర్వీసు.

ఎనిమిదో తరగతి మౌనిక వాళ్ల తాత సాయిలు చక్కెర ఫ్యాక్టరీలో పాన్‌మ్యాన్‌గా పనిచేశాడు. చెరకు రసాన్ని చిక్కగా కాచే పెద్ద పాత్రను పాన్ అంటారు. పాకం ఎప్పుడు చక్కెర పలుకులు కట్టడానికి సిద్ధమైందో చెప్పేవాడే పాన్‌మ్యాన్. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ఇంట్లో ఆ మాటే ఎత్తేవాడు కాదట. మౌనిక వారం రోజులు వెంటపడి అడిగితే, చివరికి ఒకరోజు పొయ్యి మీద చక్కెర పాకం పెట్టి, ఒక చుక్క చల్లార్చి ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేశాడు.

"వేళ్లు మెల్లగ ఇడిపియ్యి. తీగ తెగిందా? ఇంక కాలే. సాగుతుందా? అయితె వచ్చినట్టే" అన్నాడట.

మౌనిక అదే కాగితం మీద గీసుకొచ్చింది. కింది అంచు నుంచి పైదాకా రెండు వేళ్లు, వాటి మధ్య తేనెరంగు తీగ. ఆ వేళ్ల కింద, అగ్గిపెట్టెంత ఫ్యాక్టరీ. మిగతా పిల్లలు చుట్టూ చెరకు బండ్లు వేశారు. చిన్న బొమ్మను పెద్దది చేయడానికి గ్రిడ్ వాడతాం. అంటే కాగితం మీదా, గుడ్డ మీదా సమానంగా గళ్లు గీసి, ఒక్కో గడినీ పెంచుకుంటూ పోవడం. అలా నాలుగు రోజుల్లో పూర్తిచేశారు.

ఉత్సవానికి ముందురోజు నిర్వాహకుల తరఫున ఒకాయన చూడడానికి వచ్చాడు. "ఫ్యాక్టరీ ఏది మేడం? వేళ్లే కనబడుతున్నాయి" అని నవ్వి వెళ్లిపోయాడు. ఆయన మార్చమనలేదు. నాకే మనసు ఆగలేదు. పిల్లలు అన్నానికి వెళ్లగానే కుంచె పట్టుకున్నాను. వేళ్ల మీద తెల్లరంగు పూసి, ఒక మూలకు మామూలు చెయ్యి వేశాను. మధ్యలో చిమ్నీ, షెడ్లు, గేటు, అన్నీ కొలత ప్రకారం. చూసుకుని మురిసిపోయాను కూడా.

సాయంత్రం బడి వదిలాక పిల్లలు వచ్చి చూసి "మస్తుగుంది మేడం!" అన్నారు. మౌనిక మాత్రం కుంచెలు కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టి ఇంటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే వ్యాన్లో నిజామాబాద్ బయల్దేరాం. మౌనిక కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంది. "మీ తాత వస్తున్నాడా?" అని అడిగాను.

"రావద్దని చెప్పిన మేడం."

"అదేంటి?"

"గది మీరేసిన బొమ్మ. మా తాత చెప్పింది అండ్ల లేదు. ఆయన్ని తోల్కొచ్చి ఏం చూపియ్యాలె?" అంది. గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది.

మైదానానికి చేరేసరికి ఎనిమిదైంది. పది గంటలకు జనాన్ని లోపలికి వదులుతారు. పిల్లలందర్నీ దగ్గరకు పిలిచాను. "మౌనిక బొమ్మను అడగకుండా మార్చాను. తప్పు నాది. మళ్లీ వేద్దామా?" అన్నాను. మౌనికే ముందుకొచ్చి, "ప్రైమర్ ఉందా మేడం?" అని అడిగింది. రంగుకు ముందు వేసే తెల్లపూత అది. నేను వేసిన ఫ్యాక్టరీ మీద ఆ పూత నేనే వేశాను. ఆరడానికి పిల్లలు అట్టముక్కలతో విసిరారు. గళ్లు గీసే టైము లేదు. మౌనిక స్టూలెక్కి కంటి అంచనాతోనే గీసేసింది. ఈసారి వేళ్లు కాస్త వంకరపోయాయి. నేను కింద నిలబడి రంగులు అందిస్తూ ఉండిపోయాను.

మధ్యలో నా ఫోన్లోంచి వాళ్ల తాతకు ఫోన్ చేసింది. "తాతా, రా. బస్సెక్కు" అంది. అంతే.

ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గుడ్డ ముందు నిలబడి కింది నుంచి పైదాకా చూశాడు. తన కుడిచెయ్యి ఎత్తి, వేళ్లు బొమ్మకు ఆనించినట్టు పట్టి చూసుకున్నాడు.

"గోరు గింత తెల్లగ ఉండకపోతుండె బిడ్డా. ఎప్పుడు జూసినా పాకమే అంటుకొని ఉండె."

మౌనిక నవ్వి, గోటికి గోధుమరంగు పూసింది. ఇంతలో వేరే బడి పిల్లలు మూగి "తాతా, గిదేంది?" అని అడిగారు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పాన్‌కున్న అద్దంలోంచి పాకం ఎలా కనబడేదో, పలుకు కట్టేటప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే తనకెంత కోపం వచ్చేదో చెప్పాడు. ఒక గుంపు వెళ్తే మరో గుంపు వచ్చింది. టీ ఇచ్చినా తాగడం మరిచిపోయాడు. సాయంత్రం గుడ్డ దించేటప్పుడు నా దగ్గరకొచ్చి, "టీచరమ్మా, మా ఇంట్ల గిన్ని మాటలు నేనెన్నడు చెప్పలే" అన్నాడు.

బహుమతి ధర్పల్లి పిల్లలకు వచ్చింది. వాళ్ల బొమ్మ నిజంగానే బాగుంది.

పిల్లల బొమ్మల్లో కొలతలు దిద్దడమే నా పని అని అన్నేళ్లూ అనుకున్నాను. కొలత నేర్పాలి, కాదనను. కానీ ఆ వేళ్లు ఎంత ఎత్తుండాలో మౌనికకు తెలిసినట్టు నాకు తెలియదు. ఇప్పుడు ఏదైనా చూపించాలంటే వేరే కాగితం మీద గీసి చూపిస్తాను. బొమ్మలో ఏదైనా మరీ పెద్దదిగా, మరీ వంకరగా కనబడితే, దిద్దమనే ముందు "ఇది నీకెవరు చెప్పారు?" అని అడుగుతాను. చాలాసార్లు పిల్లలు ఒక మనిషి పేరు చెబుతారు.