ఆలస్యంగా గట్టిపడ్డ బండ

మొన్నమొన్నటిదాకా తెల్లవారగానే ఆమె మొదటి పని తాపీమేస్త్రి అయిన భర్త చేతులకి నూనె రాయడం. ముప్పై ఏళ్ళు సిమెంటు తిన్న చేతులవి, బీటలు వారి చెట్టు బెరడులా ఉండేవి. "చాల్లేవే, ఇంకా రాస్తే తాపీ జారిపోతుంది" అనేవాడాయన. ఇప్పుడు నూనె గిన్నె కిటికీలోనే ఉంది. ఆమె లేవగానే చెంబుడు నీళ్ళతో పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండ మీద పరిచిన గోనెసంచిని తడుపుతుంది.

మేస్త్రి చేసిన ఆఖరి పని ఆ బండే. "అందరికీ ఇళ్ళు కడతావు, సొంత పెళ్ళానికి ఒక బండ వెయ్యడానికి చేతులు రావు" అని ఏడాదిపాటు దెప్పిపొడిస్తే చివరికి వేశాడు. ఆమెకి నల్లటి బండ వద్దు. రంగులేసే మరిది తన దగ్గర మిగిలిన జింకు తెలుపు పొడి తెచ్చాడు. "కలుపన్నయ్యా, పాలరాయిలా ఉంటుంది." మేస్త్రి ఎన్నడూ ఆ పొడిని సిమెంటులో కలపలేదు. అయినా తమ్ముడి ముచ్చట కాదనలేక అరబస్తా సిమెంటుకి రెండు గుప్పిళ్ళు వేశాడు.

సాయంత్రం బొటనవేలితో నొక్కి చూస్తే వేలు దిగబడింది. "ఇదేమిటి, పిండిముద్దలా ఉంది! సరేలే, ఈ గుంట రేపు పూడ్చి, పైన నున్నగా చేసేస్తా" అని చేతులు కడుక్కున్నాడు. మర్నాడు ఆయన లేవలేదు.

వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. మూడో రోజు ఆమె పెరట్లోకి వెళ్ళి చూస్తే బండ ఇంకా మెత్తగానే ఉంది. గోటితో గీస్తే గీత పడుతోంది. మరిది సమ్మెట పట్టుకొచ్చాడు.

"నా పొడే కొంప ముంచింది వదినా. అన్నయ్య చేత్తో చేసిన ఆఖరి పని నా వల్లే పాడైంది. పగలగొట్టి వేరేది వేయిస్తా."

"దాన్ని ముట్టుకున్నావంటే నీకు ఈ ఇంట్లో కాఫీ పుట్టదు" అందామె. ఆ మాట గట్టిగానే అంది గాని, బండ మీద ఇంకోసారి గోరు పెట్టి చూసింది. ఆయన చేతి పని మట్టిపాలైతే ఇక ఆయనది అని చూపించుకోవడానికి ఇంట్లో ఏముంది?

మేస్త్రి అప్పుడప్పుడు పనిచేసిన సిమెంటు ఇటుకల కార్ఖానాలో సిమెంటు దిమ్మలని మిషనులో పెట్టి నొక్కి, బలం చూసే ఆవిడ ఉంది. అందరూ దిమ్మలమ్మ అంటారు. మేస్త్రి భార్య ఆవిడని పిలిపించింది. దిమ్మలమ్మ బండని గీకి, పొడి సంగతి విని నవ్వేసింది.

"చచ్చిపోలేదక్కా, నిద్రపోతోంది. జింకు పొడి సిమెంటు గింజల చుట్టూ పొర కడుతుంది. నీళ్ళు లోపలికి పోనివ్వదు. నీళ్ళు తాగందే సిమెంటు గట్టిపడదు కదా? ఆ పొర వీడాక తాగడం మొదలెడుతుంది. మొదట్లో మన మొద్దబ్బాయిలాగా వెనకబడినా, నెల తిరిగేసరికి మిగతావాటిని అందుకుంటుంది."

"మొద్దబ్బాయంటే నేనేనా?" అన్నాడు మరిది.

"నువ్వు కాక ఇక్కడెవరున్నారు? అక్కా, ఇంకో గుప్పెడు పడుంటే నేనూ చెప్పలేకపోయేదాన్ని. తడి మాత్రం ఆరనివ్వకు. ఆరిందా, ఇక తాగడానికి నీళ్ళుండవు, బలమూ రాదు."

అప్పటినుంచి పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఆరో రోజుకి గోరు దిగలేదు. పదో రోజున గీసినా గీత పడలేదు. తడిపినప్పుడల్లా ఆమె ఏదో ఒక కబురు చెప్పేది. పప్పులో ఉప్పెక్కువైందనో, మరిది గోడకి రంగేస్తూ చొక్కాకీ వేసుకున్నాడనో. ఏడుపు వచ్చిన రోజులున్నాయి. రాని రోజులూ మెల్లగా ఎక్కువయ్యాయి.

ఇరవై ఎనిమిదో రోజు దిమ్మలమ్మ చిన్న సుత్తి తెచ్చింది. దిమ్మల అసలు బలం చూసే రోజు అదేనట. నాలుగు మూలలా కొట్టింది. ఖంగుమంది. సుత్తి ఎగిరిపడింది గాని బండకి చిన్న పెచ్చు కూడా లేవలేదు.

"మీ ఆయనలాగే ఉందక్కా. లేటుగా వచ్చినా పని గట్టిగా చేసింది."

మరిది మొహం చేటంతయింది. గిన్నెడు సిమెంటు కలిపి, తాపీ పట్టుకుని గొంతుకూర్చున్నాడు. "ఇక ఈ వేలిగుంట పూడ్చి, పైన నున్నగా చేసేస్తా వదినా."

"నీ ముచ్చట తీరాలంటే ఆ గోడలో ఎలుక కన్నం ఉంది, పోయి అది పూడ్చు."

"మరి ఈ గుంట?"

ఆమె బండ మీద చెంబుడు నీళ్ళు పోసింది. అన్నీ జారిపోయాయి, ఆ గుంటలో ఉన్నవి తప్ప. మొదటి చీర తడిపి బండ మీద వేసుకుంటూ అంది.

"అది మీ అన్నయ్య చేస్తానన్న పని. అలాగే ఉండనీ."