ఆఖరి పాటా, కిటికీ పక్క సీటూ

మా అత్తవారి వంశంలో ఇంతవరకూ ఎవరూ ఏ సినిమా ముగింపూ చూడలేదు. నవ్వులాటకి అనడం లేదు. హీరో హీరోయిన్లు విడిపోయేదాకా కళ్లప్పగించి చూస్తారు. కలుసుకునే వేళకి వరసలో ఉన్నవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటికి నడుస్తారు. ఎందుకయ్యా అంటే, ఆట వదిలాక జనం విరగబడతారు, బస్సులో సీటు దొరకదు. "తర్వాత ఏముంటుందిలే, కలుసుకుంటారు" అంటాడు మా ఆయన, ఏదో రహస్యం కనిపెట్టినవాడిలా.

ఈ ఘనమైన సంప్రదాయానికి ఆద్యురాలు మా అత్తయ్య. రిటైరయ్యేదాకా సిటీ బస్సులో కండక్టరు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ కండక్టరమ్మే. ఇప్పటికీ ఇంట్లో కుర్చీలో కూర్చోదు, తలుపుకి వీపానించి ఒంటికాలి మీద బరువేసి నిలబడుతుంది. వంటింట్లో ఇద్దరం తారసపడితే "కాస్త ముందుకి జరుగమ్మా" అంటుంది. ఆవిడ దృష్టిలో మనుషులు రెండే రకాలు, కూర్చున్నవాళ్లూ నిలబడ్డవాళ్లూ. జనం కదలకముందే మనం కదలాలన్నది ఆవిడ జీవితంలో నేర్చుకున్న ఏకైక పాఠం. దాన్నే బిడ్డలకి ఉగ్గుపాలతో పోసింది.

మా ఆయన చిన్నప్పుడు స్కూలు వార్షికోత్సవంలో పరుగుపందెం బహుమతికి ఆయన పేరు పిలిచారట. అప్పటికి విజేతగారు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. ఆ కప్పు ఇంకెవడో పట్టుకుపోయాడు. సిగ్గుపడాల్సిన ఈ సంగతిని తల్లీకొడుకులు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెబుతారు. "కప్పుదేముంది, కిటికీ పక్క సీటు దొరికింది" అంటుంది అత్తయ్య.

మావయ్య ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రోజున కూడా అంతే. చూడ్డానికి వచ్చినవాళ్లని పంపించే బెల్లు మోగకముందే లేచి, ఆయన దుప్పటి సర్ది, బస్సెక్కేసింది. ఆవిడ ఇల్లు చేరేసరికి కబురు ముందే వచ్చి కూర్చుంది. పలకరించడానికి వచ్చినవాళ్లని కూడా, పొద్దుపోతే బస్సులు కిటకిటలాడతాయని తొందరపెట్టి పంపించింది. ఇంత రాతిగుండె మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆవిడ ఆ రోజు గురించి తర్వాత ఒక్క మాటా మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఇక నా సంగతి. కళ్లజోళ్ల షాపులో వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. పొద్దుట్నుంచి సాయంత్రందాకా మిషను గీ పెడుతూనే ఉంటుంది, నా చెవుల్లో 'గోడమీది పిల్లులు' పాడుతూనే ఉంటారు. నలుగురు మగాళ్ల బ్యాండు అది. పెళ్లికి ముందునుంచీ వాళ్లంటే నాకు ప్రాణం. వాళ్లకో పాట ఉంది. రికార్డు చెయ్యరు. కచేరీలో అన్నిటికన్నా చివర పాడతారు, అంతే. ఎవరో ఫోన్లలో తీసిన ముక్కలు వింటే అరుపులూ ఈలలే తప్ప పాట వినబడదు.

పెళ్లైన కొత్తలో ఒకసారి వాళ్లు మా ఊరొచ్చారు. మా ఆయనతో వెళ్లాను. సరిగ్గా ఆ పాటకి ముందు ఆయన లేచి, "పద, జనం లేచేస్తారు" అన్నాడు. కొత్త పెళ్లికూతుర్ని, నోరెత్తకుండా వెనకాలే నడిచాను. ఆ రాత్రి నాకు కిటికీ పక్క సీటిచ్చి, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు మొహం పెట్టాడు. ఇన్నేళ్లకి మళ్లీ వస్తున్నారు, అదీ బ్యాండు విడిపోయేముందు ఆఖరి కచేరీ. ఈసారి వినకపోతే ఇంక ఈ జన్మకి లేదు.

రెండు టికెట్లు కొన్నాను. తీరా ఆ రోజు మా ఆయన తను పనిచేసే పార్సిల్ ఆఫీసులో ఏదో ఎత్తబోయి నడుం పట్టేసిందని మంచమెక్కాడు. "టికెట్ దండగెందుకు, అమ్మని తీసుకెళ్లు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య చేతిసంచీతో తలుపు దగ్గర నిలబడి ఉంది.

హాల్లోకి అడుగుపెట్టగానే ఆవిడ చూసింది స్టేజిని కాదు, తలుపుల్ని. "పక్కన రెండు, వెనకొకటి. పక్కదైతే స్టాపు దగ్గర" అని తేల్చింది. పాటలు మొదలయ్యాక చెవుల్లో పెట్టుకోడానికి దూది కావాలంది. గిటారు వాయించేవాణ్ణి చూసి, "ఆ జుట్టేంటమ్మా, పేలు పడవూ?" అంది. ముందు వరసల్లో గెంతుతున్న పిల్లల్ని చూసి, "డబ్బిచ్చి నిలబడుతున్నారు, వెర్రిమొహాలు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చానా అనిపించింది.

చివరి పాటకి ముందు దీపాలు తగ్గించారు. అత్తయ్య సంచీ భుజానికి తగిలించుకుంది.

"పదమ్మాయ్."

"నేను రాను."

"ఏంటీ?"

"ఇది విని వస్తాను. మీరు వెళ్లండి అత్తయ్యా."

టికెట్ లేకుండా పట్టుబడినవాణ్ణి చూసినట్టు చూసింది. "నీ ఇష్టం. నిలబడి రా అయితే" అని చీకట్లో కలిసిపోయింది. పీడా పోయిందనుకున్నాను. పైకి కూడా అనేశాననుకుంటా, పక్కనున్న అమ్మాయి నవ్వింది.

పాట మొదలైంది. మెల్లగా, ఒక్క గొంతుతో. పల్లవి నేను ఊహించుకున్నదానికన్నా బాగుంది, కళ్లు చెమర్చాయి. అంతలో పక్కనున్న ఖాళీ సీటు కంటబడింది. మెట్లు చీకటి. ఆవిడ మోకాళ్లు అంతంతమాత్రం. ఫోనుందిగానీ, అది సంచీలో మోగినా ఎత్తదు. ఏదైనా అయితే అమ్మనొక్కదాన్నే వదిలేశావా అని మా ఆయన మంచంమీద నుంచే సాధిస్తాడు. వెనక వరసలో ఎవరో లేచారు. ఇంకొకరు లేచారు. నాకు ముళ్లమీద కూర్చున్నట్టుంది. చూస్తూండగానే జనం కదిలిపోతారు. ఒక చరణం అయింది.

'తర్వాత ఏముంటుందిలే, మళ్లీ అదే పల్లవి.'

ఆ మాట అనుకున్నది నేనే. అనుకుంటూనే పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ పక్క తలుపు వైపు నడిచాను.

స్టాపులో అత్తయ్య లేదు. నిలబడి ఉన్న బస్సులోనూ లేదు. ముందు బస్సుకి వెళ్లిపోయి ఉంటుంది, ఆవిడకేం, ఆవిడ సీటు ఆవిడకి దొరికింది. వెనక్కి పరిగెత్తాను. గేటు దగ్గరివాడు చెయ్యి అడ్డం పెట్టి, "బయటికొస్తే మళ్లీ లోపలికి లేదు మేడమ్" అన్నాడు. బతిమాలితే మొహం తిప్పుకున్నాడు. లోపల్నుంచి చప్పుడు కూడా లేదు. వచ్చి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరూ చెప్పకుండానే పక్క సీటులో చేతిరుమాలు వేశాను. వేసి, దాన్ని చూసుకుని, నామీద నాకే అసహ్యమేసింది.

జనం వచ్చిపడ్డారు. బస్సు నిండిపోయింది. అందరికన్నా చివర, చెమట్లు కక్కుతూ, చున్నీలూ బ్యాగులూ తప్పించుకుంటూ అత్తయ్య ఎక్కింది. రుమాలు నా ఒళ్లో పడేసి కూలబడింది. ఆవిడ మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎక్కడున్నారు?"

"వెనక తలుపు దగ్గర. ఈ పిల్ల ఎప్పుడూ ఎదురు చెప్పదు, ఇవాళ రానందంటే అక్కడేముందో చూద్దామని నిలబడ్డాను. ఎంత బాగుందమ్మా! దీపాలన్నీ ఆర్పేశారు. ఆ జుట్టబ్బాయి మైకు కింద పెట్టేసి ఊరికే గొంతుతో పాడాడు. అంత జనం ఉన్నారా, ఒక్కరు దగ్గితే ఒట్టు. చివర్లో రాగం మారిపోయింది, అసలు పాటంతా అక్కడే ఉంది."



బస్సు కదిలింది. తర్వాత నెమ్మదిగా, "మీ మావయ్య దగ్గర కూడా ఇంకాసేపు కూర్చోవాల్సింది" అంది. కిటికీలోంచి చూస్తూనే అంది. ఇన్నేళ్లుగా నేను పోగేసుకున్న చీదరింపులో ఒక్క ముక్కా ఆ క్షణాన నాకు పనికిరాలేదు.

ఇంతలోనే నావైపు తిరిగింది. "అవునూ, నువ్వెప్పుడొచ్చి కూర్చున్నావు? సీటెలా దొరికింది నీకు?"

చెప్పాను.

"చోద్యం కాకపోతే, చివరిదాకా ఉండకుండా ఎవరైనా లేచొస్తారా?" అంది.

చచ్చినట్టు అడిగాను. "ఆ చివరి చరణం గుర్తుందా అత్తయ్యా?"

గుర్తుందట. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. శ్రుతి లేదు, తాళం లేదు, బొంగురు గొంతు. అయినా పాట తెలుస్తోంది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి నవ్వుతున్నా నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఒక లైను, ఇంకో లైను. రాగం మారే చోటు వచ్చింది. గొంతు పైకెత్తింది.

ఎత్తి, ఠక్కున ఆపేసి, సంచీ తగిలించుకుని లేచింది.

"ఇంకా మన స్టాపు రాలేదత్తయ్యా! ఆ ఒక్క ముక్కా పాడండి."

"తర్వాత పాడతాలే. ముందు డోరు దగ్గరికి పద, జనం లేచేస్తారు."

లేచాను.