సేఫ్టీ సార్ గుట్ట

మా సేఫ్టీ సార్ పోయారు. ఖతార్‌లో, ప్రపంచకప్ కోసం కడుతున్న స్టేడియం మెట్ల మీద, మా కళ్లముందే. పదిరోజులు దాటినా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన చెప్పాపెట్టకుండా ఉత్తుత్తి ప్రమాదం డ్రిల్ పెట్టేవారు. నడుస్తూ నడుస్తూ దబ్బున పడిపోయి, మేం ఎంతసేపట్లో ఉరికొస్తామో ఓరకంట వాచీ చూసేవారు. ఆ ఉదయమూ అలాగే పడ్డారు.

"సారు మల్ల షురూ జేసిండు. ఈ వారంల మూడోది," అన్నాడు నా జోడీ పనివాడు.

"నిమ్మళంగ పోదాం తియ్," అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. నవ్వుకుంటూ మెట్లు దిగి దగ్గరికి పోయేసరికి ఆయన పెదాలు నల్లబడిపోయాయి. గుండెపోటన్నారు డాక్టర్లు.

సార్ న్యూజిలాండ్ మూలవాసి, మావోరీ మనిషి. వాళ్లలో ముందు తమ కొండ పేరు చెప్పి, తర్వాతే తమ పేరు చెప్పుకుంటారట. అందుకే సైటుకొచ్చిన తొలిరోజే, "మీ గుట్ట ఏది?" అని అడిగారు.

"మాది కరీంనగర్ దిక్కు సార్. గుట్ట ఉండె. గ్రానైట్ కోసం కోసుకపోయిండ్రు," అన్నాను. చావు కబురు విన్నట్టు ఆయన హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నారు.

మర్నాడు ఫోన్‌లో తన గుట్ట చూపించారు. పచ్చటి గుట్ట చుట్టూ వాళ్ల ముత్తాతలు కోట కోసం తవ్విన కందకాలు, చిలగడదుంపలు దాచుకున్న గుంతలు. ఇప్పుడది పార్కు. సైకిళ్లు, కుక్కలు, కందకాల్లో దొర్లే పిల్లలు.

"మీ పెద్దల కోట మీద గిట్ల ఆడుతుంటే కోపం రాదా సార్?"

"తిరగనీ. కాళ్లు పడే గుట్టని ఎవరూ కోసుకుపోరు. శిఖరం మాకు తలలాగా పవిత్రం, దాని పైన కూర్చుని తినకపోతే చాలు," అన్నారు. ఆయన సైటులో కూడా పైవరుసకెక్కితే టీ ముట్టేవారు కాదు. మేం ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవారు.

నిన్న తెల్లారి డ్యూటీ బస్సు కోసం నిలబడి ఉంటే సార్ ఫోన్‌లో నా నంబరు చూసి ఆయన కూతురు వీడియోకాల్ చేసింది. నాన్నను పాతిపెట్టి, ఆ గుట్ట ఎక్కి కూర్చుందట.

"వెంటనే సాయం అందిందని కంపెనీ కాగితంలో రాశారు. మీరు పక్కనే ఉన్నారట కదా. నిజమేనా?" అని అడిగింది.

అవునంటే అయిపోయేది. నోరు రాలేదు. "లేదమ్మా. డ్రిల్ అనుకున్నాం. నవ్వుకుంటూ, మెల్లగా వచ్చాం," అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆమె ఫోన్ గడ్డిలో పెట్టేసింది. తెరనిండా ఆకాశం, అంచున పరుగెత్తుతూ పోతున్న ఎవరివో బూట్లు. బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆమె కాల్ కట్ చేయలేదు, నేనూ చేయలేదు.