కోడలు బుక్కిన బియ్యం

2012 ఎండాకాలంలో ఎల్లారెడ్డిలోని మా ఇంట్లో బియ్యం లెక్క తప్పసాగింది. రోజూ కొలిచి వండేది నేనే కనుక తేడా నాకే తెలిసింది. ఒక మధ్యాహ్నం అయిదో నెల కడుపుతో ఉన్న మా కోడలు డబ్బా దగ్గర నిలబడి పచ్చి బియ్యం బుక్కుతూ కనిపించింది.

“బియ్యం బుక్కితే పెండ్లిల వాన పడతదంటరు. నీ పెండ్లి అయిపాయెనని ధైర్యమా?” అన్నాను.

నవ్వబోయి ఏడ్చింది. “మనసు ఆగుత లేదత్తమ్మా. నాలుగు మెట్లెక్కితే దమ్ము వచ్చి ఊపిరాడుత లేదు.”

మర్నాడే కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాను. రక్తం తక్కువగా ఉందని, ఒంట్లో ఇనుము చాలకపోతే కొందరికి ఇలా పచ్చి బియ్యం, మట్టి తినబుద్ధవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇనుము మాత్రలు రాసిచ్చి, వాటితో చాయ్ తాగితే ఒంటికి సరిగా పట్టవంది.

కోడలికి చాయ్ ప్రాణం. నేను తాగుతుంటే ఆ పిల్ల ఎట్లా ఊరుకుంటుంది? ఇద్దరం మానేసి నిమ్మకాయ నీళ్లకు మారాం.

తొమ్మిదో నెలలో పరీక్ష చేసి, రక్తం పెరిగింది, కాన్పుకు భయం లేదన్నారు. బయటికి రాగానే కోడలు నా చెయ్యి పట్టుకుని చాయ్ హోటల్ వైపు నడిపించింది.

“నువ్వొక్కదానివే తాగు అత్తమ్మా. నేను ఊకె చూస్త.”