అక్క కొలతలతో ఒక పేష్వాజ్: సూరత్ ప్రయాణం

పాతకాలపు దుస్తులను మిషన్ లేకుండా చేత్తో కుట్టుకోవడం నాకూ మా అక్క వసుంధరకూ ఉన్న సరదా. నేను హైదరాబాద్‌లో, అక్క సూరత్‌లో. వీడియో కాల్ పెట్టుకుని, ఎవరింట్లో వాళ్లం కబుర్లు చెప్పుకుంటూ కుడతాం. ఈసారి పేష్వాజ్ మొదలుపెట్టాం. నవాబుల కాలపు చిత్రాల్లో ఆడవాళ్లు తొడుక్కున్న పొడవాటి పల్చని గౌను అది. ఛాతీ దగ్గర అమరినట్టుండి, అక్కడినుంచి పాదాల దాకా గంటలా విచ్చుకుంటుంది. గుండీలుండవు, పక్కన నాడాలతో ముడి వేసుకోవాలి. విచ్చుకునే కింది భాగం, ఘేర్, నేను కుట్టాలి, పైభాగం అక్క కుట్టాలి. తొడుక్కునేది అక్కే.

పని సగంలో ఉండగా అక్క ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి ఆ రొమ్ము తీసేశారు, తర్వాత కీమో. గండం గడిచింది. పోయిన వానాకాలంలో డాక్టరు ఇక చెకప్‌లకు వస్తే చాలన్నారు. కానీ అక్క మళ్లీ సూది పట్టలేదు. మందుల వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారాయి. ఇంట్లో వదులు నైటీలు, వాటి మీద చున్నీ. దర్జీ దగ్గరికి వెళ్లడమే మానేసింది. ఒకరోజు ఫోన్లో, "ఆ గౌనేదో నీ కొలతలకే కుట్టేసుకోవే చిన్నీ" అంది. ఆ వారంలోనే ఘేర్‌ను మడత పెట్టి సూట్‌కేసులో సర్దుకుని టికెట్ తీసుకున్నాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కిన రైలు మర్నాడు పొద్దున సూరత్‌లో దింపింది. అక్కావాళ్లది తాపీ నదికి అవతల, అడాజన్‌లో. స్టేషన్ నుంచి బీఆర్‌టీఎస్ బస్సు చవక, కానీ సామానుందని ఆటో మాట్లాడుకున్నాను. నూట యాభై అయింది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు.

"తెలుగోళ్లా అక్కా? మాది సిరిసిల్ల దిక్కు. నా పేరు రాజేశం. ముందుగాల లూమ్ మీద చేసిన, ఇప్పుడు గీ ఆటో."

పేష్వాజ్ పైభాగానికి పల్చటి మల్ నూలు గుడ్డ కావాలి, ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"సూరత్‌కొచ్చి కాటన్ అడుగుతున్నరా!" అన్నాడు. "గీడ అంతా పాలిస్టరే. దొరుకుతది గానీ జర తిరుగాలె."

మధ్యాహ్నం వచ్చి రింగ్ రోడ్ బట్టల మార్కెట్లకు తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపేలా ఐదు వందలకు మాట్లాడుకున్నాం.

బావగారు అప్పటికే బ్యాంకుకు వెళ్లిపోయారు. అక్క వేడి వేడి లోచో తెప్పించి ఉంచింది. మెత్తగా ఉడికిన శనగపిండి మీద నూనె, సేవ్, ఉల్లిపాయ ముక్కలు. తింటూనే సూట్‌కేసు తెరిచి ఘేర్ పరిచాను. అక్క చాలాసేపు దాన్నే చూసింది.

"ఎంత బాగా వచ్చిందే! కానీ పైభాగం నావల్ల కాదు. చేతిలో సూది ఉందో లేదో కూడా తెలియట్లేదు."

"కుట్టకు. గుడ్డ ఎంచడానికైనా రా."

"వస్తా, కానీ ఆటోలోనే కూర్చుంటా."

రింగ్ రోడ్ మార్కెట్లంటే అంతస్తుల మీద అంతస్తులు, ఎదురుగా తలల మీద మూటలతో దూసుకొచ్చే కూలీలు. నేను ఎక్కిన మొదటి రెండు దుకాణాల్లోనూ మొత్తం చుట్టలుగా, థాన్లుగానే తప్ప మీటర్ల లెక్కన ఇవ్వం అన్నారు. మూడో దుకాణంలో ఒక పెద్దాయన కోసి ఇస్తానన్నాడు. నేను బేరమాడుతుండగా వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. ఆటోలో ఉక్క భరించలేక పైకి వచ్చేసిందట. గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూసింది. ఏమీ తెలియలేదు. ఒక్క క్షణం ఆగి, దాన్ని చెంపకు ఆనించుకుంది.

"కాకా, ఆ ప్యోర్ నథీ" అంది గుజరాతీలో, ఇది అచ్చమైన కాటన్ కాదని.

ఆయన పెద్దగా నవ్వి, "చెల్లెమ్మకు తెలిసిపోయింది" అంటూ లోపలి నుంచి ఇంకో థాను తెప్పించాడు. అక్క దాన్నీ చెంపకు ఆనించి తల ఊపింది. ఆ తర్వాత బేరం నన్ను చేయనివ్వలేదు.

ఇంటికొచ్చాక టేపు తీశాను. అక్క తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"పాత కొలతలే వేసెయ్" అంది.

"ఎడమ వైపు లోపల దూది పొర పెడదాం. తేడా తెలియదు" అన్నాను.

అక్క చున్నీ తీసి కుర్చీ మీద వేసింది.

"వద్దు. ఉన్నది ఉన్నట్టే కొలువు. కుడి పక్క వేరు, ఎడమ పక్క వేరు."

అలాగే కొలిచాను. పేష్వాజ్‌కు ముందు ముక్కలు ఎలాగూ రెండు విడివిడిగా ఉంటాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కత్తిరించాం.

మర్నాడు అక్క సూది పట్టింది. కాసేపటికే తెల్లగుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. గుచ్చుకున్న సంగతే తనకు తెలియలేదు. సూది విసిరేసి లోపలికి వెళ్లిపోయింది. నేను ఆ మరకను చన్నీళ్లతో కడిగి ఆరేశాను. గంట తర్వాత తనే వచ్చి బాల్కనీ వెలుతురులో కూర్చుంది.

"వేళ్లకు తెలియకపోతే ఏం, కళ్లున్నాయిగా" అంది.

ఒకప్పుడు గుడ్డ వైపు చూడకుండానే కబుర్లు చెబుతూ కుట్టే మనిషి, ఇప్పుడు మాట్లాడకుండా ఒక్కో కుట్టునూ చూసుకుంటూ వేసింది. కుడి పక్క నేను కుట్టాను. తను కుట్టిన ఎడమ పక్క కుట్లు పెద్దవీ వంకరవీ అయ్యాయి.

"విప్పి నేను మళ్లీ కుట్టనా?"

"ముట్టుకున్నావంటే చూడు!"

ఆదివారం సాయంత్రానికి నాడాలు కూడా పూర్తయ్యాయి. రాజేశం ఆటోలోనే డుమస్ బీచ్‌కు వెళ్లాం. అడాజన్ నుంచి ముప్పావు గంట పట్టింది. నల్లటి ఇసుక మీద తెల్లటి పేష్వాజ్ తొడుక్కుని అక్క నడుస్తుంటే, గాలికి ఘేర్ గొడుగులా లేచింది. జనం తిరిగి చూశారు. టమాటా భజియాలు వేయిస్తున్న ఆవిడ గుజరాతీలో, "ఎవరిదైనా పెళ్లా?" అని అడిగింది.

"కాదు, మీ భజియాలు తినడానికొచ్చాం" అంది అక్క.

"ఎవరు కుట్టారు?"

"మేమిద్దరమే, చేత్తో. ఈ పక్క నేను" అంటూ అక్క ఎడమ చెయ్యెత్తి ఆ వంకర కుట్లనే చూపించింది.

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికొచ్చి చూసి, "బహు సరస్" అంది, చాలా బాగుందని. రాజేశం ఫొటో తీయడానికి నా ఫోన్ పట్టుకుని, "జర నవ్వుండ్రి అక్కా" అన్నాడు. అక్క అప్పటికే నవ్వుతోంది.

తిరుగు రైల్లో ఆ ఫొటోను మళ్లీ మళ్లీ చూసుకున్నాను. అక్కను పాత అక్కలా చేసి రావాలని నేను బయలుదేరాను. అలా ఏమీ జరగలేదు. వేళ్లు మొద్దుగానే ఉన్నాయి, ఎప్పటికి తేరుకుంటాయో డాక్టరూ చెప్పలేదు. కానీ ఇప్పుడున్న ఒంటికి సరిపడే బట్టను తన చేత్తోనే కుట్టుకుంది. అందులోనే సముద్రం దాకా నడిచింది. రైలు వాపి స్టేషన్ దాటకముందే అక్క నుంచి మెసేజ్ వచ్చింది: "తర్వాతిది నీకు. కొలతలు పంపకు, నేనే వచ్చి తీసుకుంటా."

చేతికుట్టు కోసం సూరత్‌లో గుడ్డ కొనాలనుకునేవాళ్లకు ఒక్క మాట. రింగ్ రోడ్ మార్కెట్లకు ఆదివారం సెలవు, కాబట్టి మిగతా రోజుల్లో వెళ్లి, దుకాణంలోకి అడుగుపెడుతూనే మీటర్ల లెక్కన కోసి ఇస్తారా అని అడగండి.