హాల్వర్ కాలి ట్రాకు

నార్వేలోని మా వాల్‌ద్రెస్ లోయలో ఒడ్నికి శుభ్రం పిచ్చి అని పేరు. బూట్లు విప్పి వరసలో పెట్టనివాళ్లను గుమ్మం దాటనివ్వదు. ఇరవై రెండేళ్లు స్కూలు బస్సు నడిపి, నడుము నొప్పితో మానేసి, మూతపడిన పాలకేంద్రంలో ఒక గది తీసుకుని పాటలు రికార్డు చేసే పని పెట్టుకుంది. కంప్యూటరు తెర మీదా అదే వరస. ఫిడేలు ట్రాకు నీలం, గొంతు ట్రాకు పచ్చ, పనయిపోయిన టేకులు ఏ రోజువి ఆ రోజే చెత్తబుట్టలోకి.

పోయిన సెప్టెంబరులో ఆమె బాబాయి హాల్వర్ ఫిడేలు పట్టుకుని వచ్చాడు. మా ఊళ్లో ప్రతి డాన్సుకూ వాయించేది ఆయనే. వాయించేవాడు కుర్చీలోంచి లేవడు కదా, అందుకని పెళ్లయిన యాభై ఏళ్లలో భార్య గున్‌వోర్‌తో ఒక్కసారీ ఆడలేదు. ఆమె మాత్రం ఊళ్లో మగాళ్లందరితోనూ ఆడింది, నాతో కూడా. ఇప్పుడు యాభయ్యో పెళ్లిరోజు వస్తోంది, ఆయన వేళ్లేమో బిగుసుకుపోతున్నాయి. మా లోయ డాన్సు స్ప్రింగార్‌ను ఒక్కసారి రికార్డు చేసుకుని, ఆ రోజు అది పెట్టి భార్యతో ఆడాలని ఆయన కోరిక.

ఒడ్ని ఫిడేలుకొక మైకు, తాళం వేస్తూ నేలను కొట్టే కాలికొక మైకు పెట్టింది. నాలుగుసార్లు మధ్యలో ఆగిపోయి, అయిదోసారి ఆయన చివరిదాకా వాయించాడు. ఆ తరవాత కమాను పట్టుకోవడానికి కూడా వేళ్లు వంగలేదు.

ఇక ఒడ్ని ఆ టేకును శుభ్రం చేయడానికి కూర్చుంది. మా స్ప్రింగార్‌కు మూడు దెబ్బలు. మొదటిది పొట్టి, రెండోది పొడుగు, మూడోది మధ్యరకం. అది పుట్టిన దగ్గర్నుంచీ ఆమె విన్నదే. అయినా తెర మీది గళ్లలో దెబ్బలు అటూ ఇటూ పడి కనిపించేసరికి చెయ్యి ఊరుకోలేదు. ఫిడేలు దెబ్బలన్నింటినీ గీతల మీదికి లాగి సమంగా కూర్చోబెట్టింది. కాలి చప్పుడు మోటుగా ఉందని ఆ ట్రాకు నోరు మూసేసింది. సేవ్ చేసి, అలవాటు కొద్దీ అసలు ఫిడేలు టేకును చెరిపేసింది.

వేడుకకు నాలుగు రోజుల ముందు ఊరి డాన్సు హాలులో పెట్టి చూశాం. హాలు తాళాలు నా దగ్గరే ఉంటాయి. నేనూ మా ఆవిడా ఆడబోతే కాళ్లు తడబడ్డాయి. హాల్వర్ చివరిదాకా కదలకుండా విన్నాడు.

"చాలా నీటుగా ఉందమ్మా," అన్నాడు. "ఎవరు వాయించారు?"

మళ్లీ వాయించమందామంటే ఆ వేళ్లు లేవు. అసలు టేకూ లేదు. నాకు ఒళ్లు మండిపోయి ఒడ్నిని నాలుగు మాటలు అనేశాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం పాలకేంద్రానికి వెళ్లేసరికి ఆమె బల్ల మీద కాఫీ కప్పులు పేరుకుని ఉన్నాయి, ఒక్కటీ కడగలేదు. నోరు మూసిన ట్రాకు కదా, కాలి చప్పుడును గీతల మీదికి లాగడం మరిచిపోయిందట. ఆ దెబ్బలన్నీ హాల్వర్ కొట్టినచోటే ఉన్నాయి. వాటి పక్కన పెట్టి ఫిడేలును దెబ్బ దెబ్బకీ వెనక్కి జరుపుతోంది. మొత్తం ఆరువందల చిల్లర దెబ్బలు.

"మూడు వందలయ్యాయి. నన్ను మాట్లాడించకు," అంది. నేను కప్పులు కడిగి వచ్చేశాను.

శనివారం పెళ్లిరోజు వేడుకలో హాల్వర్ ఖాళీ చేతులతో హాలు మధ్యకు వచ్చాడు. స్పీకర్లలోంచి ఆయన ఫిడేలు మోగింది, ఈసారి కాలి చప్పుడుతో సహా. ఆయన గున్‌వోర్ చెయ్యి అందుకున్నాడు. ఊరంతటినీ ఆడించిన మనిషికి ఆడడం రాదని మాకెవరికీ తట్టనే లేదు. ఆయన కాలు అలవాటుగా తాళం వేయబోయింది. కింద గున్‌వోర్ పాదం ఉంది. మొదటి చుట్టులోనే మూడుసార్లు తొక్కాడు.

"పోయి కూర్చోనా?" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

"యాభై ఏళ్లు కూర్చున్నావుగా," అంది గున్‌వోర్, చెయ్యి వదలకుండా. "తొక్కు."