రెండు చేతుల లెక్క

ఆయన పోయారన్న కబురు మా రన్నింగ్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో, ఎవరో పెట్టిన ఐదు కిలోమీటర్ల టైమింగు ఫొటో కింద వచ్చింది. ఆ ఫొటోకి పెట్టబోయిన బొటనవేళ్ళు రెండు మూడు పొరపాటున ఈ కబురు మీద పడి ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కరూ నిశ్శబ్దంగా తీసేసుకున్నారు. బడిలో మూడో పీరియడు ముగించుకుని స్టాఫ్ రూములోకి వచ్చి చూశాను నేను. తెల్లవారి నమాజు అయ్యాక కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడని ఆయన పెద్దకొడుకు రాశాడు. నాలుగో పీరియడులో ఎనిమిదో తరగతికి భిన్నాలు చెప్పాల్సి ఉంది. ఏం చెప్పానో గుర్తు లేదు.

నరసరావుపేటలో స్టేడియం రోడ్డు మీద కాలిన మోటార్లకు మళ్ళీ వైరు చుట్టే షాపు ఆయనది. నాదెండ్ల నుంచి, రాజుపాలెం నుంచి రైతులు బోరు మోటార్లు ఆటోల్లో వేసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను టీచరమ్మా అనేవారు. జీవితంలో ఒక్కరోజు కూడా పరుగు పందెంలో పరిగెత్తని మనిషి. అయినా మా క్లబ్బులో పతకాలు మెడనిండా వేసుకున్న వాళ్ళెవర్నీ చూసి నేను ఇంత విస్తుపోలేదు.

మేం మొదలుపెట్టిన కొత్తల్లో, పొద్దున్నే ఆయన షాపు ముందు నుంచి పదిమందిమి ఆయాసపడుతూ పోతుంటే, షట్టర్ ఎత్తుతూ ఆగి చూశారు. "ఏంది టీచరమ్మా, ఎవరన్నా తరుముతున్నారా?" అన్నారు. లేదు బాబాయ్, ఆరోగ్యం కోసం అన్నాను. "మరి అందరూ ఏడుపు మొహాలేసుకున్నారేంది?" అన్నారు. వారం తిరక్కుండా షాపు ముందు మంచినీళ్ళ క్యాను పెట్టారు. నెల తిరక్కుండా మా అడుగుల చప్పుడు విని మా గురించి చెప్పటం మొదలుపెట్టారు. మోటారు బేరింగు చప్పుడు చెవితో పట్టే మనిషి కదా. ఒకరోజు నన్ను ఆపి, "ఎడం మోకాల్లో గోల ఉంది. వారం రోజులు ఆపెయ్యి" అన్నారు. నేను ఆపలేదు. ఎనిమిదో రోజుకి కుంటుకుంటూ ఎముకల డాక్టరు దగ్గరికి పోతే, ఆయన ఎక్స్‌రే ఫిల్ము చూసి, ఫీజు తీసుకుని, అదే మాట చెప్పాడు.

ఆయన అసలు విద్య మాత్రం లెక్క. నేను లెక్కల టీచర్ని, అందుకని ఈ సంగతి ఒప్పుకోవటానికి నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. ఒకసారి షాపులో ఆయన చేతి మరతో కాయిల్ చుడుతున్నారు. మాట్లాడుతూనే చుడుతున్నారు, షుగరు మాత్రల గురించి, కోడలి ప్రమోషన్ గురించి. నాకు చిలిపితనం పుట్టి, మధ్యలో పదిహేడో ఎక్కం అడిగాను. "నేను బడికి పోలేదమ్మా" అంటూ చుడుతూనే ఉన్నారు. ఠక్కున "ఇప్పుడెన్నో చుట్టు?" అన్నాను. "నలభై ఒకటి" అన్నారు. నేను నవ్వాను. ఆయన మర ఆపి కాయిల్ తీసి నా చేతికిచ్చి, "ఇప్పి చూసుకో" అన్నారు. నేను సిగ్గులేకుండా విప్పి, లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఆయన మళ్ళీ మొదటి నుంచి చుట్టుకున్నారు.

"ఒక్క చుట్టు తగ్గినా మోటారు వేడెక్కుద్ది. రైతు పొలంలో ఉంటాడు, ఎందుకు కాలిందో ఆయనకి తెలీదు. నాకు తెలిసిద్ది గదా" అన్నారు.

మా క్లబ్బు ఏటా పది కిలోమీటర్ల పరుగు పెడుతుంది. స్టేడియం నుంచి సాగర్ కాలువ వంతెన దాటి, కట్ట మీద కొంత దూరం వెళ్ళి, మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. వంతెన దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవారు బాబాయ్. వెళ్ళేవాళ్ళని ఎడమ చేతి వేళ్ళ కణుపుల మీద, వచ్చేవాళ్ళని కుడి చేతి కణుపుల మీద బొటనవేలితో లెక్కపెట్టుకునేవారు. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళకి పన్నెండు. పన్నెండు నిండినప్పుడల్లా ఆ వైపు జేబులో ఒక చింతపిక్క. ఈ పని చేస్తూనే ప్రతివాళ్ళనీ పలకరించేవారు, భుజాలు దించమనేవారు, నీళ్ళు తాగమని కసిరేవారు. అందరూ ఫోన్లు, షీట్లు పట్టుకు తిరుగుతుంటే, "రెండు చేతులూ సమం కాందే నేను లేవను" అని కూర్చునేవారు. ఆయన్ని చూస్తే నాకు ముచ్చటేసేది. నిజం చెప్పాలంటే, షీటు ఉండగా ఈ చింతపిక్కలెందుకని లోపల కాస్త చిన్నచూపు కూడా ఉండేది.

మూడేళ్ళ కిందటి పరుగులో గమ్యం దగ్గర టేబులు నాది. వచ్చినవాళ్ళ నంబరు చూసి షీటులో టిక్కు పెట్టాలి, అంతే. ఎరువుల కొట్టాయన ఒకాయన, మా క్లబ్బు మనిషే, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆయన భార్య కూడా ఆ రోజు మొదటిసారి పరిగెత్తింది. "మా ఇంట్లోవాళ్ళది కూడా ఏసెయ్యండి టీచర్ గారూ, ఎనకమాలే వస్తంది" అని, ఇడ్లీల వైపు వెళ్ళిపోయాడు. పెళ్ళిలో భోజనాల బల్ల దగ్గర మావాళ్ళు వస్తున్నారని కుర్చీ పట్టుకోవటం మనకి అలవాటే కదా. నేనూ అలాగే అనుకుని రెండు టిక్కులు పెట్టాను. కాసేపటికి షీటు నిండింది. కాలువ కట్ట మీద నీళ్ళ టేబులు దగ్గరున్న కాలేజీ పిల్లలకి ఫోన్ చేసి సర్దేయమన్నాను. తర్వాత బాబాయ్ కి చేశాను.

"అందరూ వచ్చేశారు, వచ్చెయ్యండి. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి."

"రాలేదమ్మా. ఎడం చేతిలో ఒకళ్ళు ఎక్కువున్నారు."

"బాబాయ్, షీటులో అందరికీ టిక్కులున్నాయి. నేను లెక్కల టీచర్ని."

"నువ్వు లెక్కల టీచరువే, కాదనటంలా. మనిషి మాత్రం రాలా."

నేను విసుక్కుని ఫోన్ పెట్టేశాను. ఆయన సైకిలెక్కి కట్ట మీద వెతుక్కుంటూ వెళ్ళారు.

పావుగంటకి ఆయనే ఫోన్ చేశారు. "స్కూటరేసుకుని రా టీచరమ్మా. ఇద్దరు మగాళ్ళని ఎంటేసుకురా." గొంతులో కంగారు లేదు. ఎరువుల కొట్టాయన చెయ్యి కూడా కడుక్కోకుండా, ఇంకో కుర్రాణ్ణి ఎక్కించుకుని నా వెనక బైకు మీద వచ్చాడు.

ఆమె ఎండకి కళ్ళు తిరుగుతుంటే మొహం కడుక్కుందామని కాలువలోకి దిగింది. సిమెంటు వాలు, పైగా పాచి. కాలు జారి నడుము దాకా నీళ్ళలోకి పోయింది. కాలువ నిండుగా పారుతోంది. కట్ట అంచున బాబాయ్ బోర్లా పడుకుని ఉన్నారు. ఆయన భుజం మీది తువాలు ఒక కొస ఆమె పిడికిట్లో, రెండో కొస ఆయన మణికట్టుకి మూడు చుట్లు. పైకి లాగే బలం ఆయనకి లేదు. అందుకని లాగలేదు. పట్టుకుని ఉన్నారు, అంతే. మేం ముగ్గురం కలిసి లాగాక, ఆ మణికట్టు మీద బిగుసుకుపోయిన తువాలు విప్పటానికి నాకు చాలాసేపు పట్టింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ చేతిని పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అంత పెద్ద పని నా కళ్ళ ముందు మనిషన్నవాడు చెయ్యగా నేను అదివరకు చూడలేదు.

ఇంతవరకూ చెప్పటం తేలిక. ఇక్కడి నుంచి కష్టం.

సాయంత్రం క్లబ్బు సమావేశంలో అధ్యక్షుడు మండిపడ్డారు. ఒక మనిషి దారిలో ఉండగా అంతా ఎట్లా సర్దేశారు, ఎక్కడ తప్పింది లెక్క అని అడిగారు. ఎరువుల కొట్టాయన తల దించుకున్నాడు. నేను నోరు తెరవబోయాను. తెరవలేదు. చూచిరాత రాసిన పిల్లల్ని నిలబెట్టి కడిగేసే మనిషిని, టిక్కుల షీటు మడిచి సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు బాబాయ్ లేచి, "నా చేతుల్లోనే కాస్త అటూ ఇటూ అయింది బాబూ. సమమైందని ముందు నేనే చెప్పా, తర్వాత చూసుకున్నా. పెద్దోణ్ణయ్యా" అన్నారు. ఒక్క చుట్టు తగ్గితే నిద్రపట్టని మనిషి, ఇరవైమంది ముందు తన లెక్క తప్పిందన్నారు.

మరుసటి ఏడు ఆయన్ని వంతెన దగ్గర వెయ్యలేదు. వయసైపోయింది, ఎండలో ఎందుకని, సంచులు భద్రపరిచే చోట కూర్చోబెట్టారు. ఆయన సంచులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. నేను షాపుకి వెళ్ళి, అందరికీ నిజం చెప్పేస్తాను బాబాయ్ అన్నాను. సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ, "నీకు చెప్పాలనిపిస్తే చెప్పు. నా కోసమని మాత్రం చెప్పమాక" అన్నారు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళు చెప్పకుండా బతికేశాను. పిరికిదానికి ఏ మాటైనా ఆసరాయే.

పోయిన ఆదివారం సంతాప సభ జరిగింది. అధ్యక్షుడు మంచివారే, మనసులో బాధతోనే మాట్లాడారు. పదేళ్ళ సేవ గురించి చెప్పి, చివర్లో, "వయసు మీదపడి ఆ ఒక్కసారి లెక్క తప్పినా, ఆయన అంకితభావం..." అన్నారు. ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడి, తప్పింది ఆయన లెక్క కాదు, నాది అన్నాను. రాని మనిషికి టిక్కు పెట్టింది నేను, నీళ్ళ టేబులు సర్దించింది నేను, రాలేదని ఆయన చెబితే విసుక్కుంది నేను అన్నాను. అన్నీ చెప్పాను. ఎరువుల కొట్టాయన లేచి, "ఎయ్యమంది నేను" అన్నాడు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుండిపోయారు. మూడేళ్ళ నుంచి ఆయన పేరు మీదున్న తప్పు దిగింది. దించటానికి ఆయన పోవాల్సి వచ్చింది, ఆ సిగ్గు నాకు ఉంటుంది, ఉండాలి.

సభ అయ్యాక ఆ ఎరువుల కొట్టాయన భార్య నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

"నాకు అప్పుడే తెలుసు టీచర్ గారూ" అంది. "మీ ఫోన్ సంగతి ఆ తాతే చెప్పాడు. నీళ్ళలో వేలాడతా, 'ఆ టీచరు నీ మాట నమ్మలేదు గదా, ఇప్పుడు మాత్రం ఏం వస్తది, ఇంకెవరికన్నా ఫోన్ చెయ్యి తాతా' అని ఏడ్చా. ఆయనేమో, 'తన లెక్క తప్పిందని ఇప్పుడు తెలిసింది గదా, అందరికన్నా బిరీన ఆ తల్లే వచ్చిద్ది, చూస్తా ఉండు' అన్నాడు. నాతో మాట్లాడతానే దారికేసి చూస్తా ఉన్నాడు."

అవును, నేను చూశాను. నేను స్కూటర్ మీద మలుపు తిరిగేసరికి, కట్ట అంచున బోర్లా పడుకున్న ఆ మనిషి చెంప మట్టికి ఆనించి, నేను వచ్చే దారి వైపే చూస్తున్నారు. గడ్డం నిండా ఎర్రమట్టి. నన్ను చూసి, తల కాస్త ఎత్తి, కింద నీళ్ళలో ఉన్న ఆమెకు వినపడేటట్టు గట్టిగా, "వచ్చింది" అన్నారు.